మాఫీకి ముందు లెక్క

పోయిన వేసవిలో ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. తొమ్మిదేళ్ల కొడుకును వెంటబెట్టుకొనే వచ్చింది గానీ వాడు లోపలికి రాలేదు. వాకిట్లో వేపచెట్టు కింద కూర్చొని పుల్లతో మట్టిలో గీతలు గీస్తున్నాడు. ఆమె మంచినీళ్లు తాగి, కొంగుతో ముఖం తుడుచుకొని, వాడికి వినపడకుండా గొంతు తగ్గించింది.

"ఐతారం వచ్చిందంటే చాలు టీచర్, పొద్దుగాల్నే కడుపు నొస్తుందంటడు. సండే స్కూలుకు పోనంటడు. మొన్న పాస్టర్ అయ్యగారు బుజ్జగించి అడిగితే ఆయన ముఖం మీదనే 'నేను వాన్ని క్షమించ' అన్నడు. గింత పోరనికి అంత పగ ఏంది? మా పెంపకంల ఏమన్న తప్పు జరిగిందా?"

రోజూ ప్రార్థనలో పక్కన కూర్చోబెట్టుకొని పెంచిన బిడ్డ మనసు రాయి అయిపోతోందేమోనని ఆ తల్లి భయం. జహీరాబాద్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఆదివారాలు సండే స్కూలు టీచర్ల మధ్య గడిపాను. ఇదే భయంతో వచ్చిన అమ్మానాన్నలను చాలామందిని చూశాను. వాళ్లకు ముందుగా ఒక మాట చెబుతాను. క్షమించనని పెద్దల ముందు పైకి అనగలిగిన పిల్లవాడి మనసు రాయి కాలేదు. వాడికి ఇంకా నొప్పి తెలుస్తోంది. ఆ నొప్పి మనతో చెప్పుకోవచ్చన్న నమ్మకం కూడా కొంత మిగిలి ఉంది. అడగ్గానే సరేనని తల ఊపి, ఆ తర్వాత మనతో ఏదీ చెప్పుకోని పిల్లల గురించే నాకు ఎక్కువ దిగులు.

ఆ బాబు నాకు సంగతంతా ఒక్కసారిగా చెప్పలేదు. మూడు సాయంత్రాలు పట్టింది. చెట్టు కింద పక్కన కూర్చొని, వాడు గీస్తున్న గీతల గురించి అడుగుతూ ఉంటే ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. వాడికి కొంచెం నత్తి. 'క'తో, 'ప'తో మొదలయ్యే మాటల దగ్గర ఆగిపోతాడు. సండే స్కూల్లో కంఠతా వాక్యం అప్పజెప్పే వంతు వచ్చినప్పుడు ఒక మాట దగ్గర ఆగాడు. వెనక వరసలో పిల్లవాడు ఆ ఆగడాన్ని అచ్చంగా అలాగే చేసి చూపించాడు. అందరూ నవ్వారు. వీడు చేతిలో పుస్తకం విసిరి కొట్టాడు. టీచరమ్మ డిగ్రీ చదువుతున్న పంతొమ్మిదేళ్ల అమ్మాయి, పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. ఇద్దరినీ ముందుకు పిలిచింది. వెక్కిరించినవాడితో 'సారీ' చెప్పించింది. వీణ్ని 'నిన్ను క్షమించాను' అనమంది. 'క్షమించాను' అన్న మాట 'క'తోనే మొదలవుతుంది. వీడు మళ్లీ అక్కడే ఆగిపోయాడు. పిల్లలు మళ్లీ నవ్వారు. ఈసారి, సారీ చెప్పినవాడు కూడా నవ్వాడు.

ఆదివారం కడుపునొప్పి ఎక్కడి నుంచి వస్తోందో వాళ్లమ్మకు అప్పుడు తెలిసింది. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ టీచరమ్మకు చెబితే ఆ అమ్మాయి ఇంకా ఎక్కువ ఏడ్చింది. ఇందులో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. వెక్కిరించినవాడికి కూడా తొమ్మిదేళ్లే. ప్రేమ అందరిలోనూ ఉంది. ఆ ప్రేమను పిల్లవాడి దాకా చేర్చే తీరు మాత్రం మనలో ఎవరికీ ఎవరూ నేర్పలేదు.

మన మాటల్లోనే ఒక చిక్కు ఉంది, గమనించారా? 'క్షమాపణ చెప్పు' అంటాం. అది తప్పు చేసినవాడు చెప్పేది. 'పాప క్షమాపణ' అంటాం. అది దేవుడు ఇచ్చేది. అడిగేదానికీ ఇచ్చేదానికీ ఒకటే మాట. పెద్దవాళ్లం సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాం. పిల్లలకు అది తెలియదు. క్షమాపణ అంటే ఏమిటని చిన్న తరగతి పిల్లలను అడిగి చూడండి, సారీ చెప్పడం అంటారు. దెబ్బ కొట్టినవాడూ అదే అంటాడు, దెబ్బ తిన్నవాడూ అదే అంటాడు. ప్రసంగంలో 'క్షమాపణ, క్షమాపణ' అని విన్న ప్రతిసారీ, దెబ్బ తిన్న పిల్లవాడు తానే ఏదో తప్పు చేశాననుకుంటాడు.

మన జహీరాబాద్ వీధుల్లో ఇంకో మాట ఉంది. తెలుగు, ఉర్దూ, కన్నడ కలిసి తిరిగే ఊరు కదా మనది. పక్కింటి పిల్లలతో ఆడుకుంటూ మన పిల్లలు 'మాఫ్ చెయ్' అనేస్తారు. ఇక రుణమాఫీ అనే మాట తెలియని ఇల్లు మన దగ్గర లేదు. చెరుకు వేసినవాళ్లకు, అల్లం పెట్టినవాళ్లకు, ఆలుగడ్డ వేసి నష్టపోయినవాళ్లకు అందరికీ తెలుసు. 2024లో రెండు లక్షల రూపాయల దాకా పంట రుణాలు మాఫీ అయినప్పుడు ఇంటింటా అదే ముచ్చట. పరలోక ప్రార్థనలో మన తెలుగు బైబిల్ వాడిన మాట కూడా ఋణమే. తప్పు అని కాకుండా అప్పు అని చెప్పారు. చిన్నప్పటి నుంచి వేలసార్లు పలికిన ప్రార్థన అది. ఆ మాట దగ్గర ఆగి, ఎందుకు అప్పు అన్నారో పిల్లలకు విప్పి చెప్పినవాళ్లం ఎందరం?

రుణమాఫీ ఎలా జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ముందు లెక్క తేలింది. అసలు ఎంత, వడ్డీ ఎంత, ఏ బ్యాంకులో, ఎవరి పేరు మీద అని చూశారు. జాబితాలో మన పేరుందా అని మనమూ చూసుకున్నాం. లెక్కలోకి ఎక్కని అప్పును ఎవరూ మాఫీ చేయలేరు. పైగా మాఫీ అయిన డబ్బు గాలిలో కలిసిపోదు, ఆ భారం ఎవరో ఒకరు మోయాలి.

యేసు పేతురుకు చెప్పిన కథ కూడా లెక్కతోనే మొదలవుతుంది. రాజు ముందు తన దాసుల దగ్గర లెక్క చూసుకున్నాడు. ఒకడి బాకీ పదివేల తలాంతులని తేలింది. అది తేలాకే మాఫీ. ఆ మాఫీ పొందినవాడు బయటికి వెళ్లి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. ఈ కథ చెప్పేటప్పుడు మనం ఆ నూరు దేనారాలను చిల్లరలా తీసిపారేస్తాం. దేనారమంటే ఆ రోజుల్లో ఒక కూలివాడి ఒక రోజు కూలి. నూరు దేనారాలంటే నూరు రోజుల కష్టం. వంద రోజుల పని అంటే ఎంత చెమటో ఉపాధి హామీ పనికి వెళ్లిన మన తల్లులకు చెప్పక్కర్లేదు. పదివేల తలాంతుల ముందు అది చిన్నదే. అయినా దాన్ని ఏమీ కాదని కథ చెప్పడం లేదు.

మన పిల్లవాడి బాధ ఆ నూరు దేనారాల లాంటిది. 'పెన్సిలే కదా', 'నవ్వితే ఏమైంది', 'పోనీలే' అని మనం అన్నప్పుడల్లా వాడి వంద రోజుల కష్టాన్ని సున్నా అని రాస్తున్నాం. సున్నాను క్షమించమంటే పిల్లవాడు దేన్ని క్షమించాలి? ఆ మాట వాడికి బోధపడదు. 'మా అమ్మకు నా బాధ కనపడలేదు' అన్నది మాత్రం బాగా బోధపడుతుంది. ఇది వినడానికి మనకు కష్టంగానే ఉంటుంది. కానీ నేను చూసిన పిల్లల్లో పగ పెంచుకున్నవాళ్లలో ఎక్కువమంది, తమ బాధ లెక్కలోకి రాలేదని అనుకున్నవాళ్లే.

అందుకని బిడ్డ ఏడుస్తూ ఇంటికి వస్తే ముందు లెక్క రాయనిద్దాం. 'ఏం జరిగింది?' 'అప్పుడు నీకెట్ల అనిపించింది?' 'ఇంకా ఎక్కడ నొస్తుంది?' ఈ మూడు ప్రశ్నలు అడిగి ఊరుకోవడం చాలా కష్టం, ముఖ్యంగా పొయ్యి మీద కూర మాడుతున్నప్పుడు. అయినా ప్రయత్నిద్దాం. వాడు ఎక్కువ చేసి చెప్పినా మధ్యలో దిద్దవద్దు. ఎక్కువ చేసి చెప్పడం కూడా బాధకు ఒక కొలతే. 'అవునురా, అది నీకు బాగా నొచ్చింది' అన్న ఒక్క మాటతో పిల్లవాడి భుజాలు దిగడం చూస్తారు.

వయసును కూడా చూడాలి. స్విట్జర్లాండ్‌కు చెందిన జాన్ పియాజె 1932లో పిల్లల నీతి ఆలోచన మీద ఒక పుస్తకం వెలువరించారు. చిన్నపిల్లలకు ఆయన ఇద్దరు పిల్లల కథ చెప్పేవారు. ఒకడు తెలియక తలుపు తోస్తే పదిహేను కప్పులు పగిలాయి. ఇంకొకడు దొంగతనంగా తినుబండారం తీస్తుంటే ఒక్క కప్పు పగిలింది. ఎవరిది పెద్ద తప్పు? చిన్నవాళ్లలో చాలామంది పదిహేను పగలగొట్టినవాడిదే అన్నారు. ఉద్దేశాన్ని చూడడం వయసుతో వస్తుంది. అయిదేళ్ల పాపను పట్టుకొని 'వాడు కావాలని చేయలేదమ్మా, క్షమించు' అంటే ఆ పాపకు పగిలిన కప్పులే కనపడతాయి. అది మొండితనం కాదు. వయసుకు తగిన చూపు. కాబట్టి ముందు కప్పులు ఏరడంలో సాయం చేద్దాం. విరిగిన బొమ్మ అతికిద్దాం, చిరిగిన పుస్తకానికి అట్ట వేద్దాం. వెక్కిరించిన పిల్లవాడితోనూ 'సారీ' అనిపించి వదిలేయకుండా, 'ఏం చేస్తే వాడికి కొంచెం బాగుంటుంది?' అని అడుగుదాం. జక్కయ్య మారినప్పుడు ఉత్త మాటతో ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఈ కథ పిల్లలకు ఇష్టం. చెట్టెక్కినందుకు ఇష్టమనుకుంటాం గానీ, తిరిగి ఇచ్చాడన్నది వాళ్లకు ఇంకా నచ్చుతుంది. అడిగి చూడండి.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. నాకు బాగా తెలిసిన ఒక తండ్రి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఒక పొద్దున ఫోను అద్దం పగిలి ఉంది. పదకొండేళ్ల కూతురును కొట్టాడు. సాయంత్రానికి తెలిసింది, పగలగొట్టింది చిన్నవాడని. ఆ తండ్రి బజారుకు వెళ్లి కూతురుకు ఇష్టమైన మిర్చి బజ్జీలు తెచ్చాడు. 'తిను బిడ్డా' అని తలమీద చేయి వేశాడు. ఆమె తిన్నది. ఆయన మనసు కుదుటపడింది.

మనలో చాలామందికి మన నాన్నలు ఇలాగే సారీ చెప్పారు. మాటతో ఎన్నడూ చెప్పలేదు. అన్నం ముద్ద కలిపి పెట్టారు, సంత నుంచి గాజులు తెచ్చారు, నిద్రపోయాక దుప్పటి కప్పారు. అందులోని ప్రేమ మనకు తెలిసింది, ఈ రోజుకూ తలుచుకుంటాం. కానీ ఆ పాపను తర్వాత ఎప్పుడో మాటల్లో అడిగాను. 'నాన్న ఎందుకు బజ్జీలు తెచ్చిండు?' ఆమె అంది, 'నేను ఏడ్సిన కదా, అందుకు.' 'మరి నాన్న కొట్టింది తప్పు కదా?' కాసేపు ఆలోచించి చెప్పింది, 'ఏమో. నేను ఫోను దగ్గర కూసున్న కదా.' ఆ పిల్లకు ప్రేమ అందింది. తాను తప్పు చేయలేదన్న సంగతి మాత్రం అందలేదు. ఆ దెబ్బకు తానే తగినదాన్నని సర్దుకుంది.

పేతురు సంగతి ఇక్కడ నాకు గుర్తొస్తుంది. యేసును ఎరగనని మూడుసార్లు అన్నాడు. తర్వాత సరస్సు ఒడ్డున యేసు నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టి, ముందు తినమన్నాడు. నొచ్చుకున్నవాడే వండి పెట్టాడు. మన నాన్నల తీరు అక్కడ కనపడుతుంది. అయితే ఆయన భోజనంతో ఆగలేదు. తిన్న తర్వాత మాట ఎత్తాడు, మూడుసార్లు అడిగాడు. మనం రొట్టె దగ్గర ఆగిపోతున్నాం. బజ్జీలు తేవడం మానవద్దు. వాటితో పాటు ఒక్క మాట చేర్చుదాం. 'నిన్ను కొట్టడం నా తప్పు బిడ్డా. నువ్వేం చేయలేదు. నన్ను మాఫ్ చెయ్.' పిల్లల ముందు అలా అంటే మనమీద భయం పోతుందని కొందరు తండ్రులు నాతో అంటారు. కొంత భయం పోతుంది, నిజమే. ఆ తండ్రి చివరికి ఆ మాట అన్నాడు. ఆ తర్వాత కూతురు తన పరీక్షలో తప్పిన మార్కుల కాగితం దాచకుండా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ఇంకొకటి చెప్పాలి, నొచ్చుకోకండి. మన సంఘాల్లో గెట్టు పంచాయితీతో ఏళ్ల తరబడి మాటల్లేని కుటుంబాలు ఉన్నాయి. పాలోళ్లే, ఒకే చర్చి, ఒకే బల్ల. నవంబరులో ధారూర్ క్రైస్తవ జాతరకు వెళ్లినా ఒకరి గుడారం ఈ చివర, ఇంకొకరిది ఆ చివర. పెద్దలు పిల్లలతో ఏమీ చెప్పకపోవచ్చు. పిల్లలు మాత్రం చూస్తూనే ఉంటారు. ఎవరి ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు అమ్మ నడక వేగం పెంచుతుందో వాళ్లకు తెలుసు. పిల్లలు కటీఫ్ చెప్పుకుంటారు, పొద్దుగూకేలోపు దోస్తీ చేసుకుంటారు. మన కటీఫ్ పొలం పట్టాతో పాటు కొడుకు పేరు మీదికి మారుతుంది. అర్పణ తెచ్చినవాడు సోదరుడితో సమాధానపడి వచ్చి ఆ తర్వాత అర్పించాలన్న బోధ మనం పిల్లలకు నేర్పుతున్నదే కదా. వాళ్లు దాన్ని విని, మనవైపు చూస్తారు.

ఇక టీచర్ల సంగతి. సండే స్కూలు ఎలా పుట్టిందో చాలామంది మరిచిపోయారు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాయన, వారమంతా పనిచేసే పేద పిల్లలకు ఆదివారం చదువు చెప్పించడానికి దాన్ని నడిపారు. మన దేశంలో ఇండియా సండే స్కూల్ యూనియన్ 1876లోనే ఏర్పడింది. మన పల్లెల్లో ఒకప్పుడు ఉపదేశి అంటే వారంలో బడిపంతులు, ఆదివారం బోధకుడు. పిల్లలతో ఎలా మాట్లాడాలో రోజూ బడిలో నేర్చుకున్న మనిషే ఆదివారం బైబిల్ కథ చెప్పేవాడు. ఇప్పుడు ఆ రెండు పనులూ విడిపోయాయి. పాట బాగా పాడుతుందనో, ఆదివారం ఖాళీగా ఉంటుందనో ఒక అమ్మాయిని పిలిచి నలభై మంది పిల్లలను అప్పగిస్తాం. ఆమె కాదనదు. చర్చికి మైకు సెట్టు కావాలంటే చందాలు వేసుకున్నాం, క్రిస్మస్ నక్షత్రానికి వేసుకున్నాం. టీచరమ్మను శిక్షణకు పంపుదామని ఎవరూ అడగలేదు. చాలా ఏళ్లు నేను కూడా అడగలేదు. ఆ బాధ నాకుంది.

పెద్ద చదువులు ఉంటేనే నేర్పగలరని నేను అనను. మన పక్కనే మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది ఊరి దళిత మహిళలే. మైకు ముందు ఎలా మాట్లాడాలో, రికార్డింగ్ ఎలా చేయాలో ఓపికగా నేర్పారు, వాళ్లు నేర్చుకున్నారు. రేడియోకు అంత ఓపిక పెట్టిన నేల మీద, పిల్లల మనసు కోసం రెండు రోజులు పెట్టలేమా?

అలా పెట్టిన చోటు ఒకటి ఉంది. ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరంలో కేథలిక్కులు, ప్రొటెస్టెంట్లు దశాబ్దాలు కొట్టుకున్నారు. ఇద్దరూ క్రైస్తవులే. 2002 నుంచి అక్కడి కొన్ని బడుల్లో క్షమ గురించి పాఠాలు మొదలయ్యాయి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త రాబర్ట్ ఎన్‌రైట్, ఆయన బృందం వాటిని తయారుచేశారు. అందులో నాకు నచ్చినవి రెండు. ఒకటి, పాఠం చెప్పేది తరగతి టీచర్లే, వాళ్లకు ముందుగా శిక్షణ ఇస్తారు. రెండు, చిన్నపిల్లలను ఎవరినో క్షమించమని బలవంతం చేయరు. కథలు చెప్పి, ప్రతి మనిషికీ విలువ ఉందని చూపిస్తారు. క్షమించడం వేరు, తప్పును ఒప్పని అనడం వేరు, మళ్లీ స్నేహం చేయడం వేరు అని ఎన్‌రైట్ విడమరిచి చెబుతారు. ఈ మూడింటినీ మనం ఒకే మూటగా కట్టి పిల్లల నెత్తిన పెడుతున్నాం.

పోయిన ఏడాది వేసవి సెలవుల బైబిల్ బడికి (వీబీఎస్) ముందు, చుట్టుపక్కల ఊళ్ల టీచర్లు కొందరితో రెండు రోజులు కూర్చున్నాం. మొదట ఎవరికీ బోధ చేయలేదు. 'చిన్నప్పుడు మీ చేత బలవంతంగా సారీ చెప్పించిన సంగతి ఒకటి రాయండి' అన్నాం. తలెత్తి ఆలోచించినవాళ్లు ఒక్కరూ లేరు, వెంటనే రాయడం మొదలుపెట్టారు. ఒక అబ్బాయి, ఇరవై అయిదేళ్లుంటాయి, రాసింది చదవలేక మధ్యలో బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ నియమం చెప్పినా వాళ్లకు వివరించాల్సిన పని పడలేదు. పిల్లవాడి కంటి ఎత్తుకు దిగి మాట్లాడడం, ఇద్దరినీ విడివిడిగా వినడం, అందరి ముందు చేతులు కలిపించకపోవడం, వాక్యం చెప్పలేని పిల్లవాడికి బొమ్మ వేసి చూపించే వీలు ఇవ్వడం, ఇవన్నీ వాళ్లే చెప్పారు. బెత్తం సంగతి వచ్చినప్పుడు కొంత వాదన జరిగింది. బడిలో పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. సోమవారం నుంచి శనివారం దాకా చట్టం దెబ్బ నుంచి కాపాడుతున్న పిల్లవాడు ఆదివారం మన చేతికి వస్తే కొట్టవచ్చా? వాదించినవాళ్లు ఆ ప్రశ్న దగ్గర ఆగారు.

ఇక క్షమ గురించి మనం చెప్పే కథల సంగతి. గ్లాడిస్ స్టెయిన్స్ గురించి మన ప్రసంగాల్లో తరచూ వింటాం. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహమ్‌ను, ఫిలిప్, తిమోతి అనే ఇద్దరు చిన్న కొడుకులను జీపులో సజీవ దహనం చేశారు. చేసినవాళ్లను క్షమించానని ఆమె చెప్పారు. 2004 దాకా బారిపదలోనే ఉండి కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు. 2005లో పద్మశ్రీ వచ్చింది. అంతటి మనిషి కథను పిల్లలకు చెప్పాలి. చెప్పే తీరులో మాత్రం జాగ్రత్త పడాలి. 'ఆమె అంత క్షమించింది, నువ్వు ఇంతమాత్రం క్షమించలేవా?' అని పిల్లవాడి మీద ఆ కథను బరువుగా పెట్టకూడదు. ఆమె క్షమ ఎవరో వెనక నిలబడి అనిపించింది కాదు. ఇంకో సంగతి చెప్పడం మరిచిపోతాం. ఆమె క్షమించినా కేసు నడిచింది, 2011లో సుప్రీంకోర్టు ప్రధాన దోషి యావజ్జీవ శిక్షను ఖరారు చేసింది. క్షమ ఆమె మనసులో జరిగింది, న్యాయం కోర్టులో జరిగింది. ఒకటి ఇంకొకదానికి అడ్డం రాలేదు.

ఈ తేడా మనకు ఎందుకు ముఖ్యమంటే, చెప్పడానికి నోరు రాని ఒక విషయం ఉంది. పెద్దవాళ్లెవరైనా బిడ్డ ఒంటిమీద చేయి వేస్తే, వాళ్లు ఎంత భక్తిపరులైనా, ఎంత దగ్గర చుట్టమైనా, 'క్షమించెయ్ బిడ్డా, సంఘం పరువు' అని అనకూడదు. ఆ మాట అంటే బిడ్డ రెండోసారి గాయపడుతుంది. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, ఇలాంటిది తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయాలి, దాచడం నేరం. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోను చేయవచ్చు. టీచర్లకు కూడా ఇదే నేర్పుతున్నాం. పిల్లవాడు 'ఎవరికీ చెప్పొద్దు' అంటూ ఏదైనా చెబితే, దాచిపెడతానని మాట ఇవ్వవద్దు, 'నిన్ను కాపాడగలిగినవాళ్లకు మాత్రం చెబుతాను' అనాలి. ఆ బిడ్డ పెద్దయ్యాక ఏనాడైనా క్షమిస్తుందా లేదా అన్నది ఆ బిడ్డ ఇష్టం. ఆ క్షమను ముందే ఇచ్చేసే హక్కు మనకు లేదు.

మామూలు గొడవల్లో కూడా కాలం పట్టనివ్వాలి. యోసేపు తన అన్నలను చూసిన మొదటిసారే నేను మీ తమ్ముణ్నని చెప్పలేదు. పక్కకు వెళ్లి ఏడ్చాడు. ధాన్యం ఇచ్చి పంపాడు. అది అయిపోయి వాళ్లు మళ్లీ వచ్చేదాకా ఆగాడు. చిన్న తమ్ముడి విషయంలో వాళ్లు మారారో లేదో చూశాడు. ఆ తర్వాత గొంతెత్తి ఏడ్చి చెప్పుకున్నాడు. మన పిల్లలకు ఒక ఆదివారం ఉదయం అయిదు నిమిషాల్లో అదంతా అయిపోవాలంటాం. రాత్రి పడుకునే ముందు 'ఇవాళ ఎంత నొస్తుంది?' అని అడిగి, తగ్గిందంటే సంతోషించి, తగ్గలేదంటే పక్కన పడుకొని ఊరుకుందాం. ప్రార్థన చేయమని వాణ్ని ఒత్తిడి చేయవద్దు. మనమే వాడి తరఫున మెల్లగా చేద్దాం, వాడికి వినపడితే వినపడనీ.

ఆ నత్తి బాబు ఇంటికి టీచరమ్మ తనంతట తానే వెళ్లింది. వాళ్లమ్మ కుర్చీ వేస్తే కూర్చోలేదు, గడప మీద వాడి పక్కన కూర్చుంది. 'అందరి ముందట నిన్ను నిలబెట్టి ఆ మాట అనిపించుడు నా తప్పు నాన్నా' అంది. వాడు ఏమీ మాట్లాడలేదు. లేచి లోపలికి వెళ్లాడు. కోపంతో వెళ్లిపోయాడని ఆమె అనుకుంది. వాడు చెంబుతో నీళ్లు తెచ్చి ఆమెకు ఇచ్చాడు.

రెండు వారాల తర్వాత సండే స్కూలుకు వచ్చాడు, వెనక కూర్చున్నాడు. కంఠతా వాక్యం ఎవరూ అడగలేదు. వెక్కిరించిన పిల్లవాడు వీడికోసం జామకాయలు తెస్తున్నాడట, కోహిర్‌లో వాళ్ల మామ తోట నుంచి. వీడు తీసుకుంటున్నాడు. ఇంకా ఆడుకోవడం లేదు. మొన్న వాళ్లమ్మ కనపడి చెప్పింది, 'అడిగిన టీచర్, వాన్ని మాఫ్ చేసినవా అని.' వాడు చిటికెన వేలు చూసుకుంటూ జవాబు చెప్పాడట.

"కటీఫ్ తీసేసిన. దోస్తీ ఇంకా చెయ్యలే."